పిక్క తీసేసిన పండు

పలాసలో మే నెల.
పదకొండు డబ్బాల జీడిపప్పు మాడిపోయింది
బోర్మా దగ్గర నేను కునుకు తీసిన పాపానికి.
రిజిస్టరులో "కారణం" గడి ఖాళీ.
"కరెంటు పోయింది" అని రాయొచ్చు.
పెన్ను మూత తీశాను, పెట్టాను.

తవిటమ్మ క్యారేజీ గిన్నె ముందుకి తోసింది:
పిక్క గిల్లుకుని గట్టు మీద పారబోసే జీడిపండుతో
బెల్లం, కొబ్బరిపాలు పోసిన పాయసం.
ఒక చెంచా. తోటంతా నోట్లోకి వచ్చింది.
రెండో చెంచాకి గొంతు పట్టేసింది,
నాలుక మీద గోనెసంచి పరిచినట్టు.

తనూ రుచి చూసి మొహం చిట్లించింది.
"ఉప్పునీళ్లల్లో ఉడకెట్టడం మరిసిపోనాను బాబూ.
తప్పు నాదే. రేపు మళ్లీ వండుతాన్లే."
అంతే.
గిన్నె పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచింది.

ఆ పట్టేసిన గొంతుతోనే
"నిద్రపోయాను" అని రాసి
సంతకం పెట్టాను.
వేలి బెల్లం కాగితానికి అంటింది.