చుక్క మింగినవి

ట్రోమ్‌సోలో సూర్యుడు సెలవు పెట్టి
అప్పటికి పందొమ్మిది రోజులు.
మధ్యాహ్నం రెండింటికే ప్రయోగశాల కిటికీ నల్లపలక.
ఆస్లౌగ్ టోపీ అయినా తీయకుండా
చచ్చిన డిస్కు పక్కన కొత్తది బిగించి
నిన్న రాత్రి కట్టిన మూటను విప్పమంది.

మూట విప్పుకుంది.
ఒక్క తప్పూ చూపలేదు.
గాలి లెక్కలు వచ్చాయి, జీతాల పట్టీలు వచ్చాయి,
ఎవరివో ఏడేళ్ల కిందటి పడవ షికారు ఫోటోలు కూడా.
మంచు రాలేదు.

స్వాల్‌బార్డ్ హిమానీనదంలోకి నూట ఇరవై మీటర్లు తొలిచి
మారెత్ పైకి తీసిన మంచుకడ్డీ,
వేలెడు ముక్కకో అంకె చొప్పున
లెక్కలన్నీ దాచిన సంచి పేరు
కోర్.

పదకొండేళ్ల కిందట ఒక శుక్రవారం
బస్సుకి వేళయి, కోటు ఒక చేతికే తొడుక్కుని
ఆస్లౌగ్ కొట్టిన పంక్తి కూడా అదే:
కోర్, దాని వెనకే ఆరు రేకుల చుక్క.
ప్రోగ్రాం కూలినప్పుడల్లా కక్కిపోయే
గిగాబైట్ల చెత్తకీ అదే పేరు మరి.
ఇలా మొదలయ్యేది ఏదైనా, ఎక్కడున్నా, వదిలెయ్.

వదిలేసింది.
నాలుగు వేల రాత్రులు
ఒక్క రాత్రీ మరవకుండా వదిలేసింది.
చెప్పిన మాట విన్నదాన్ని ఏమని తిట్టడం?
చుక్కకి ఆకలే గాని అర్థం తెలీదు.

మారెత్ అరవలేదు.
అరిచినా బాగుండేది.
"మిగతా సగం ఉందిగా" అంది
చేతితొడుగులు వెతుక్కుంటూ.

మైనస్ ముప్పై గదిలో, నిలువునా కోసినప్పుడు
ముట్టకుండా ఉంచిన సగం.
దీపం పట్టి చూస్తే
ఏరకుండా కట్టిన మూట అది:
ఏదో కొండ కక్కిన బూడిద, సన్నటి గీత,
దారి తప్పిన పుప్పొడి,
ఎవరి పొయ్యిలోదో మసి,
బుడగల్లో బిగుసుకున్న పాత గాలి.
పడ్డదంతా, పడ్డ వరసలోనే.
మంచుకి ఎవరూ జాబితా రాసివ్వలేదు
ఇది వద్దు, అది వద్దని.

మళ్లీ కోయాలి, మళ్లీ కరిగించాలి.
రెండు చలికాలాల పని.
ఆ తర్వాత ఈ సగమూ ఉండదు.

మెట్లెక్కి వచ్చి ఆస్లౌగ్ ఆ ఫైలు తెరిచింది.
నలభై మూడు పంక్తులు.
తాత్కాలికం, చుక్క.
పాతది, చుక్క.
తోకగీతతో ముగిసే చిత్తుప్రతులు, ముందో చుక్క.
ప్రతి చుక్క దగ్గరా ఆగి
నువ్వేం తిన్నావో చూపించమంది.
పేర్లు తెర మీద పాకుతూనే ఉన్నాయి.
కాఫీ చల్లారింది, చివరి బస్సు వెళ్లింది,
ఆమె ఇంకా రెండో పంక్తి దగ్గరే ఉంది.

కింద, కరిగించే గదిలో
మొదటి చుక్క సీసాలోకి దిగింది.
మారెత్ దాని మీద అదే పేరు రాసింది.
ఆమె ఎందుకు మార్చాలి?