తరువాత చూడాలి

సీసా మీద పెన్సిల్ రాత:
"కయెతే మొగ. పోటు సగం. ఉప్పు పన్నెండు.
తరువాత చూడాలి."
డల్వీనా గారి చేతిరాత, కుడివైపు ఒరిగి.
ఆ 'తరువాత' నా బల్ల దాకా రావడానికి
ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది.
ఆవిడ లేరు.
స్పిరిట్టు సగానికి ఇంకింది,
మూతలో రబ్బరు పాకంలా సాగుతోంది.
అడుగున దులిపిన పిండిలా
అవి.

ఆవగింజ పక్కన పెడితే
ఆవగింజే కొండ.
గ్లిజరిన్ చుక్కలో ఒకదాన్ని పడుకోబెట్టాను.
నుదుటి నడుమ ఒకే కన్ను.
బతికి ఉన్నప్పుడు ఎరుపట, నోట్‌బుక్కులో ఉంది.
ఇప్పుడది అన్నపు మెతుకు రంగు.

ఫ్యాను ఆపాను.
టంగ్‌స్టన్ సూదితో ఐదో జత కాళ్ళు విడదీయాలి,
గట్టిగా ఊపిరి వదిలితే కాలు ఎగిరిపోతుంది.
బయట మధ్యాహ్నపు వాన,
బ్రగాన్సా రేకుల మీద ఒక్కసారిగా.
జాతిని తేల్చేది కన్ను కాదు, గుండె కాదు,
మగదాని కుడికాలి కొన కొక్కెం.
దాని లోపలి అంచున
ముల్లు ఒకటా, రెండా.

రెండు.
లెన్సు తుడిచి మళ్ళీ చూశాను.
రెండే.
పుస్తకాల్లో ఉన్న చుట్టాలన్నిటికీ ఒక్కటే.

రెండో ముల్లు ఎందుకో నాకు తెలీదు.
బురదనీటి చీకట్లో
ఆటుకి కొట్టుకుపోతూ
దొరికిన ఆడదాన్ని జారవిడవకుండా
పట్టుకోవడానికి కావచ్చు.
'కావచ్చు'ని జాతివర్ణనలో రానివ్వరు.
"ముళ్ళు రెండు, లోపలిది పొట్టి" అని రాసి
బొమ్మకి సిరా దిద్దాను.
ఒక్కో నూగుకీ ఒక్కో గీత.
నలభై ఏడు గీతలకి మూడు రోజులు.

బతికినదాన్ని చూడకుండా ఎలా ముగించను?
ఒజియెల్ పడవ ఎక్కాను.
పీతలు పట్టేవాడు,
మడచెట్ల వేళ్ళ సందున భుజం దాకా చెయ్యి దూర్చి
కళ్ళు మూసుకుని వెతుకుతాడు.
అమావాస్య పోటు, మూడు రాత్రులు,
సన్నవల అడుగున జావలాంటిదేదో.

"దీనికోసమా ఇంత డీజిల్ కాల్చాం?"
సీసాని లాంతరుకి ఎత్తిపట్టి అన్నాడు.
"ఎవరు తింటారు వీటిని?"
"నువ్వు తినే చేప, పిల్లగా ఉన్నప్పుడు."
"అయితే నేనూ తిన్నట్టే.
రుచేమీ గుర్తులేదే."

"మీ వాళ్ళు వీటినేమంటారు?"
తెడ్డు ఆపాడు.
నీళ్ళు పడవని కాస్త పక్కకి తోశాయి.
"పేరేం లేదు. మా అమ్మ మాత్రం
వానలు వెనకబట్టే రోజుల్లో
దోసిట్లో నీళ్ళు ఎత్తి, వేళ్ళ మధ్య నలిపి,
'ఇవాళ నీళ్ళు చిక్కగా ఉన్నాయి, వల వెయ్' అనేది.
ఆ చిక్కదనం ఇవేనేమో."

ఆ రాత్రి లెన్సు కింద ఒకటి
ఆగింది, ఆగింది,
ఎగిరి అంచు దాటిపోయింది.
కన్ను ఎర్రగానే ఉంది.

డల్వీనా గారి పేరే పెడతానని అందరూ అనుకున్నారు.
ఆవిడే ఒకసారి కసిరారు నన్ను:
"మన పేర్లు వాటి మెడకి కట్టకు,
విప్పుకోవడానికి వాటికి చేతులు లేవు."
అందుకని 'స్పిస్సాక్వా'.
లాటిన్లో చిక్కని నీరు.

వ్యాసం ఇంకా అచ్చు కాలేదు.
ఇద్దరు పరీక్షకుల్లో ఒకాయన
రెండో ముల్లుని మళ్ళీ కొలవమన్నాడు.
ఈలోగా ఒజియెల్
పడవ ముక్కు మీద నీలం రంగుతో
ఆ పేరు రాయించాడు,
మధ్యలో ఒక 'స' మింగేసి.
ముందు అచ్చైన రాతే చెల్లుతుందని మా నియమం.
పడవ అచ్చు కిందికి రాదు, అదృష్టం.

ఇవాళ పోటు తెల్లవారుజామున నాలుగింటికి.
తప్పు పేరుతో పడవ
మొగ దాటుతూ ఉంటుంది.
కింద అవి, పైకి చూసే పని లేకుండా,
కొక్కేలతో ఒకదాన్నొకటి తడుముకుంటూ.

నేను ముల్లు కొలుస్తున్నాను.