ఎర్రగీత మధ్యకు రావాలి

జనరల్ బజార్‌లో రెండున్నర మీటర్లు కొన్నాను,
ఆకుపచ్చ గళ్ళు, గడికొక ఎర్రగీత.
సోఫాకా, కర్టెన్లకా, అడిగాడు కొట్టు సేఠు.
బ్యాగ్‌పైపు ఊదే పిల్లకి, అన్నాను.
అతను ఇంకోసారి కొలిచి
నాలుగు వేళ్ళు ఎక్కువే కోశాడు.

మా మనవరాలు కెజియా బడి బ్యాండులో ఈ ఏడే చేరింది.
దర్జీ కిల్టుకి చెప్పిన ధర విని
ఎస్తేరు నా వైపు తిరిగింది:
"ముప్పై నాలుగేళ్ళు లాలాగూడ వర్క్‌షాపుల
ఇనుప రేకుల మీద గీతలు గీసినోడివి.
ఇది బట్టనే గదా."

బట్టనే.
అందుకే మూడు రోజులుగా కత్తెర ముట్టలేదు.

పిల్ల నడుము ఇరవై నాలుగు, తుంటి ముప్పై రెండు.
సగం ముందుకు, చదునుగా, ఒక్క మడత లేకుండా.
సగం వెనక్కి, పదహారంగుళాలు,
అందులో ఎనిమిది పెట్టె మడతలు.
ఒక్కోటీ లోకానికి చూపేది రెండంగుళాలు,
దాచుకునేది అటు రెండు, ఇటు రెండు.

పోయినేటి క్యాలెండర్ చించి
వెనక తెల్లవైపు పెన్సిలుతో గీసి మడిచాను.
ఆగస్టు సెప్టెంబరు మీద, అక్టోబరు దాని కింద.
అంతా కుదిరింది.
కాగితానికి గళ్ళు లేవు మరి.

బట్ట మీద నాలుగో మడతకి ఎర్రగీత పక్కకి జరిగింది.
ఐదోదానికి ఇంకొంచెం.
ఎనిమిదో దగ్గర అంచు దాటి
లోపలికి పోయి దాక్కుంది.
టేపు తప్పా, కళ్ళజోడు తప్పా?
మళ్ళీ కొలిస్తే ఈ కొసన గడి ఆరంగుళాలు,
ఆ కొసన ఆరుంబావు.
వర్క్‌షాపులో ఇట్లాంటి రేకుని
గేటు దగ్గర నుంచే వాపసు పంపేవాళ్ళం.

ఎస్తేరు చర్చికి చీర కట్టుకుంటూ వచ్చింది,
పెదాల మధ్య పిన్నీసు,
బొటనవేలికీ చిటికెనవేలికీ నడుమ కుచ్చిళ్ళు
ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి,
అంచు మీద అంచు, ఏ టేపూ లేకుండా.
పిన్నీసు తీసి అంది:
"అంగుళం సంగతి ఇడువు. గీత చూడు."

టేపు చుట్టి బిస్కెట్ డబ్బాలో పెట్టాను.
గీత ఎక్కడుంటే అక్కడే మడత నడుమ,
దానికి అటొక అంగుళం, ఇటొక అంగుళం.
మిల్లువాడి తేడా అంతా
లోపలి మడతలు మింగి ఊరుకున్నాయి.
నడుము దగ్గర ఒక్కోదాన్నీ అరంగుళం సన్నం చేశాను,
ఎనిమిది అరలు నాలుగు,
ఈ లెక్క మాత్రం తప్పలేదు.

రెండు జానల దాకా మిగిలింది. కోయలేదు.
రెండు పక్కలా లోపలికి తోసి వదులుగా టాకా వేశాను.
పదమూడో ఏడు నడుస్తోంది పిల్లకి,
రాత్రికి రాత్రి పొడుగవుతోంది.

పొద్దున కట్టి చూస్తే మెడ తిప్పి తిప్పి చూసుకుంది.
"వెనకున్నవి నాకు కనపడనే కనపడవు తాతా,
గంత లెక్క ఎందుకు?"
నీ వెనక డ్రమ్ము పిల్లగాడు నడుస్తాడు,
అతనికి మైదానమంతా ఈ ఎనిమిది గీతలే, అన్నాను.
"వాడా," అంది, "వాడు ఎప్పుడూ అడుగు తప్పుతడు."

గుండుపిన్నులు ముప్పై ఆరు గుచ్చాను.
తీస్తే ముప్పై ఐదే వచ్చాయి.
ముగ్గురం నేల మీద వంగి వెతుకుతున్నాం,
పిల్ల కిల్టు విప్పనంటోంది.