మూరెడు గొట్టం

గేరుపెట్టె పోయిందన్నారట ముగ్గురు.
మొదటివాడు బతూమిలో, బండి కింద తలైనా పెట్టకుండా.
రెండోవాడు రెండువేల లరీలు అడిగాడు.
మూడోవాడు బండే కొంటానన్నాడు, తుక్కు ధరకి.
నాలుగోవాణ్ని నేను, నుగ్జార్‌ని.
కుతాయిసిలో రియోని వంతెన దాటాక
ఎడమచేతి వైపు రేకుల షెడ్డు నాది.

తొంభై రెండు నాటి మెర్సిడెస్. వంకాయ రంగు.
లమారా గారు ముప్పై ఏళ్లు మంత్రసాని.
ఆ వెనకసీట్లోనే ఇద్దరు పుట్టారట,
కొండదారిలో, మంచు పడుతుండగా.
అమ్మనంటే అమ్మనని ముందే చెప్పేసింది.

ఏమిటమ్మా బాధ అంటే
కేసు అప్పగించినట్టు వరసగా చెప్పింది:
చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది.
వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే
జ్వరం పిల్లలా వణుకుతుంది.
రెండు నుంచి మూడుకి మారేటప్పుడు
వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఒక్క తోపు.
రివర్సు వేస్తే ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాలి,
అప్పటికి తల ఎత్తుతుంది, కిటికీ అవతలి గుమాస్తాలా.

ఇంజన్ నడుస్తుండగానే పుల్ల తీశాను.
గేరు నూనె దానిమ్మరసంలా ఉండాలి.
ఇది నిన్నటి టీ.
వాసన చూశాను. మాడింది, కానీ అడుగంటలేదు.
మట్టం సరిగానే ఉంది.
వేళ్ల మధ్య రుద్దితే ఇనప రజను తగల్లేదు.
చావు కబురు ఇలా ఉండదు.

మరి వణుకెందుకు, తన్నెందుకు?
ఎక్కడో గొట్టంలోంచి దొంగగాలి దూరుతుంటే
ఇంజన్ వణుకుతుంది.
గేరుపెట్టెకి కబురు మోసేదీ ఆ గొట్టమే,
కాలు ఎంత గట్టిగా తొక్కుతున్నారో.
చిల్లు పడితే అబద్ధం మోస్తుంది.
చదునునేల మీద నింపాదిగా పోతున్నా
"కొండెక్కుతున్నాం, బిగించి పట్టు" అంటుంది.
పాపం పెట్టె నమ్ముతుంది. తంతుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలియనిది చిల్లెక్కడో.
చిల్లు బుసకొడుతుంది.
ఏ పుట్టలో ఏ పాముందో
ఒకప్పుడు బానెట్ ఎత్తకముందే చెప్పేవాణ్ని.
రెండేళ్లుగా నా కుడిచెవిలో ఎడతెగని వాన.
ఎడమచెవిలో అదీ లేదు.
పని నేర్చుకుంటున్న బద్రికి కూడా చెప్పలేదు.
చెవులు పోయిన మెకానిక్ దగ్గరికి ఎవడొస్తాడు?

అందుకని మూరెడు రబ్బరు గొట్టం ఆవిడకిచ్చాను,
ఏదో మర్యాద చేస్తున్నట్టు.
"ఒక కొస చెవిలో పెట్టుకోండి. రెండోది నేను తిప్పుతాను.
మీ బండి కదా, మీరే వినండి."
ఆవిడ నవ్వలేదు.
తలగుడ్డ వెనక్కి నెట్టి, కళ్లు మూసుకుని
నిండు కడుపు మీదికి వంగినట్టు వంగింది.

మానిఫోల్డ్ చుట్టూ తిప్పాను. తల అడ్డంగా ఊపింది.
బ్రేకు బూస్టర్. మళ్లీ అడ్డంగానే.
ఆవిడ పెదాల మీదే ఉన్నాయి నా కళ్లు.
"ఆగు. వెనక్కి. ఇంకాస్త కింద. అక్కడ."
వేలు పెట్టి నొక్కాను.
ఏడ్చే పిల్లాడికి రొమ్ము అందినట్టు
ఇంజన్ ఊరుకుంది.
గొట్టం వంపులో, చిటికెన గోరంత చీలిక.

"అంత బుసకొడుతుంటే నీకు వినపడలేదా?"
"వినపడింది" అన్నాను.
ఆవిడ నా చూపు ఎక్కడుందో చూసింది.
ఏమీ అనలేదు.
ఆ తర్వాత మాట్లాడిన ప్రతిసారీ
నాకెదురుగా వచ్చి నిలబడి మాట్లాడింది.

గొట్టానికి పన్నెండు లరీలు. నూనె, ఫిల్టరు వేరే.
రోడ్డెక్కిస్తే రెండు నుంచి మూడుకి
నిద్రలో పక్క మార్చినట్టు ఒదిగింది.
రివర్సు మాత్రం అలాగే. ఒకటి, రెండు, మూడు.
లోపలెక్కడో సీలు గట్టిపడింది.
విప్పామంటే రెండువేలన్నవాడి మాటే నెగ్గుతుంది.
"ఎన్నాళ్లు?"
"చెప్పలేను. చలికాలం దాటొచ్చు.
పల్లానికి ముక్కు పెట్టి ఆపకండి."

డబ్బులతో పాటు పుల్లప్లమ్ పచ్చడి సీసా ఇచ్చింది.
బిల్లు వెనక ఏదో రాసిచ్చింది.
బండి నంబరేమో అనుకున్నాను.
చెవుల డాక్టరు పేరు. బుధవారాలు మాత్రమే.

ఆ కాగితం స్పానర్ల మేకుకి అలాగే ఉంది.
బుధవారాలు షెడ్డులో పనెక్కువ.