దారి చీటీలు

ఆదివారం తెల్లారకముందే
అంబాజీపేట మార్కెట్ వెనక నా సైకిలు కొట్టు షట్టరు
సగం లేస్తుంది.
మిగతా సగం, గాలి ఎటుందో చూశాక.
చూరుకి కట్టిన పాత ట్యూబు ముక్క
తూర్పుకి ఊగితే ఒక చీటీ, పడమటికి ఊగితే ఇంకోటి.
మీకు తెలియందేముందండీ,
ఈ లంకల్లో కొండంటే వాచకంలో బొమ్మే.
ఎక్కడానికి మాకున్నవి మూడు:
వంతెన, ఏటిగట్టు, ఎదురుగాలి.
మొదటి రెంటికీ అవతల దిగుడుంటుంది.

లోవకుమారికి,
నిన్నటిదాకా అన్న సైకిలుని
మేకపిల్లలా నడిపించుకు తిరిగిన పిల్లకి:
కాలవ గట్టు, నీళ్ళు ఎడంచేతి వైపు.
లాకుల దాకా వెళ్ళి వెనక్కి రా, నాలుగు కిలోమీటర్లు.
పడక తప్పకపోతే కుడివైపు పడు,
అరటితోటకి నిన్ననే నీళ్ళు పెట్టారు, మెత్తగా ఉంటుంది.
గేదెలొస్తే గంట కొట్టకు.
వాటికి పట్టదు. నువ్వే ఆగు.

హైమావతి గారికి,
మోకాలి చిప్ప మార్పించుకున్న నర్సమ్మకి:
సీటు రెండంగుళాలు పైకెత్తాను, కాలు పూర్తిగా చాపండి.
గన్నవరం అక్విడెక్టు దాకా, తొందర లేదు.
అక్కడ దిగి గోడ పట్టుకుని చూడండి,
కింద వైనతేయ, పైన కాలవ.
నీళ్ళు నీళ్ళని దాటుతుంటాయి, తడవకుండా.
తిరిగొచ్చేటప్పుడు నొప్పెడితే
కొబ్బరి లోడు ఆటోవాడికి నా పేరు చెప్పండి,
సైకిలుతో సహా ఎక్కించుకుంటాడు.
సిగ్గుపడకండి. ఆటో కూడా చీటీలో రాశాను.

ఫణికి,
బ్యాంకు ఉద్యోగం, ఇరవై ఒక్క గేర్లు,
కాకినాడ నుంచి తెప్పించిన హెల్మెట్టు:
అమలాపురం, బోడసకుర్రు వంతెన, పాశర్లపూడి,
తాటిపాక మీదుగా గన్నవరం, మళ్ళీ ఇక్కడికి.
యాభై దాకా వస్తుంది.
వంతెన మీద గాలి పక్కటెముకల్లో పొడుస్తుంది, జాగ్రత్త.
ఎవరితోనూ పోటీ పడకు అని కూడా రాసి
కొట్టేశాను.
రాస్తే పడతాడు.

ఆ పూట ఫణి వచ్చేసరికి పదయింది.
మాట్లాడలేదు. కుండలో నీళ్ళు రెండు గ్లాసులు తాగాడు.
మూడో గ్లాసుకి చెప్పాడు.
సరిగ్గా వంతెన నడిమధ్యన
ముసలయ్య దాటిపోయాడట.
గేరన్నది ఎరగని నల్ల బండి,
చెయిన్ కవరుకి కొబ్బరి తాడు కట్టు,
వెనక ఎనభై కాయలు, గెలలు గెలలుగా,
మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ,
నోట్లో బీడీ ఆరనైనా లేదట.
"ఆయనకి ఏ చీటీ ఇచ్చావు?" అన్నాడు.

ముసలయ్యకి నేనెప్పుడూ చీటీ రాయలేదు.
పంక్చరేస్తాను, డబ్బులు తర్వాతంటాడు, వెళ్ళిపోతాడు.
నీ ఓపికెంత, నీ మోకాలెలా ఉంది
అని నేనైనా అడగలేదు.
కాయ అడిగింది, ఆయన తొక్కాడు.
ఆ వారం ఆయన వెనక టైరు మార్చి
డబ్బుల సంగతి నేనే మర్చిపోయాను.

ఇక దైవప్రసాద్ మాస్టారు.
చూపు పోయి పదకొండేళ్ళు.
రెండు పాత ఫ్రేములు అతికించి
ఇద్దరు తొక్కే బండి చేశాను ఆయన కోసం.
ముందు నేను, వెనక ఆయన.
చీటీ రాసేది ఆయనే, నోటితో.
"పీచు నానిన కంపు. కళ్ళం దాటుతున్నాం."
"ఎడంపక్క రొయ్యల చెరువు. మూడు చక్రాలు తిరుగుతున్నాయి,
నాలుగోది ఆగింది, కేకేసి చెప్పు వాళ్ళకి."
"గుంట! మొన్నటి వానది."
ఓడలరేవు ఇంకా రెండు మైళ్ళుందనగా
ఉప్పు గాలి ముఖాన కొట్టింది.
"ఎదురుగాలి, మాస్టారూ," అన్నాను రొప్పుతూ.
"ఎదురుగాలి కాదు బాబూ,
నువ్వు తొక్కట్లేదు."

కాళ్ళకేసి చూసుకున్నాను.
నిజమే. పాదాలు ఊరికే పెడళ్ళ మీదున్నాయి,
పెడళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి.
ఎంత దూరం నుంచో
ఆయనే తోసుకొస్తున్నారు.