అంకె తెగిన ఫొటోలు

కుతైసీలో గ్యాసు గొట్టాలు నేల కింద పోవు.
మనిషెత్తున గోడల వెంట నడుస్తాయి.
గేటు అడ్డమొస్తే నిట్టనిలువుగా లేచి
దానిమీంచి దాటి
అవతల మళ్ళీ మామూలు ఎత్తుకి దిగుతాయి.
పసుపు రంగు, ఎప్పుడో వేసింది.
ఇప్పుడు పెచ్చులూడి, కింద తుప్పు,
మిగలముగ్గిన ఆప్రికాట్ చెంప.

ఇరవై రెండేళ్ళుగా ఆ గొట్టాల వెంటే తిరుగుతున్నాను.
మీటరు చదవడం నా పని.
అంకె చూడ్డం, పుస్తకంలో ఎక్కించడం,
కుక్క లేస్తే గేటు వేసుకోవడం.
అంతకు మించి చూడమని ఎవరూ చెప్పలేదు.
నేనూ చూడలేదు.

తర్వాత కంపెనీ పుస్తకం లాక్కుని ఫోను చేతిలో పెట్టింది.
రాస్తే నమ్మరట. ఫొటో కావాలట.

మొదటి తప్పు నవంబరులో జరిగింది.
మెట్ల కింద చీకటి. మీటరు పక్కన
మేకుకు ఉల్లిపాయల జడ.
పగిలిన అద్దంలోంచి వేలెడు వెలుగు లోపలికొచ్చి
అన్నింటినీ వదిలేసి
ఒక్క ఉల్లిపాయ మీద కూర్చుంది.
పొట్టు కింద ఎవరో దీపం వెలిగించారు.
నా చెయ్యి దానంతటదే జరిగింది.

ఆఫీసులో లమారా కళ్ళద్దాలు పైకి నెట్టి
"ముర్తజ్, అంకె సగం తెగింది.
మీటరు చూసొచ్చావా, కూరల బజారుకెళ్ళావా?" అంది.
ఏం చెప్పను?
ఉల్లిపాయ నెలకెన్ని యూనిట్లు కాలుస్తుందో
నాకూ తెలీదు.

అప్పట్నుంచి ఇంటికి రెండు తీస్తున్నాను.
ఒకటి కంపెనీది.
రెండోది ఎవరిదో ఇంకా తేలలేదు.
గొళ్ళెం బదులు దూర్చిన వంకర చెంచా,
గొట్టం మీద ఆరేసిన ఒంటి మేజోడు
(దాని జత కోసం వారమంతా ఆ సందు చుట్టూ తిరిగాను),
నల్లా కింద బక్కెట్టు అంచున
పడాలా వద్దా అని ఆలోచిస్తున్న చుక్క.

ఊరికి పెద్ద కెమెరాలు తగిలించుకుని వచ్చేవాళ్ళుంటారు.
కొండ మీది చర్చి, ఏటి మీద తెల్ల రాళ్ళు, వంతెన.
వాళ్ళని తప్పుపట్టను, అవి అందంగానే ఉంటాయి,
ఫొటోలకి అలవాటుపడ్డ పెళ్ళికూతుళ్ళు, కదలవు.
కాస్త జరగమంటారు నన్ను.
జరుగుతాను.
నా వెనక గొట్టానికి వేలాడుతున్న వాన చుక్కల్లో
అదే చర్చి తలకిందులుగా, నలభై సార్లు.
వాళ్ళకి ఆ గొట్టం కూడా అడ్డమే.

మార్చిలో నజీబ్రోలా పేచీ పెట్టింది.
ఆమెకి డెబ్బై తొమ్మిది, నోటికి మాత్రం పాతికే.
"చలికాలమంతా ఒక్క గదే వెచ్చబెట్టుకున్నా.
ఇంత బిల్లా? ఏదీ నీ సాక్ష్యం?"
వంటింటి బల్ల మీద పిండి మోచేత్తో తోసి చోటిచ్చింది.
నేను వెనక్కి జరుపుతున్నాను, ఫిబ్రవరి, జనవరి.
వేలు జారింది. డిసెంబరులో తీసిన రెండోది.

ఆ రోజు కరెంటు లేదు. టార్చి ఆవిడే పట్టింది.
ఫొటోలో మీటరు లేదు.
చెయ్యి ఉంది.
గోళ్ళ సందుల్లో మొక్కజొన్న పిండి,
వేళ్ళ మధ్య నుంచి ఎర్రగా కారుతున్న వెలుగు,
మణికట్టు దగ్గర స్వెట్టరు నూలుపోగొకటి
ఊడి, గాల్లో.

"ఎవరిదీ?"
నేను మాట్లాడలేదు.
తన చెయ్యి తెచ్చి ఫోను పక్కన పెట్టుకుంది.
ఇటు తిప్పింది. అటు తిప్పింది.
పెళ్ళికోసారి తీశారట, పాస్‌పోర్టుకోసారి.
రెండుసార్లూ ముఖమే అడిగారట.
పొయ్యి మీద ఏదో మాడుతోంది.
ఇద్దరం లేవలేదు.

తర్వాత బిల్లు మళ్ళీ ఎత్తింది, మర్చిపోయే మనిషి కాదు.
అంకె సరిగ్గానే ఉంది, మూడుసార్లు చూపించాను.
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
గేటు దాకా వచ్చి, పెచ్చులూడిన గొట్టం తట్టి
"పొద్దున్న తొమ్మిదింటికి రా.
ఇదిగో, సరిగ్గా ఇక్కడ పడుతుంది ఎండ.
ఇప్పుడు తీయకు," అంది.
"ఇప్పుడిది ఉత్త ఇనుము."