మధ్య వరస

లొకోజాలో మధ్యాహ్నం రెండు గంటలు.
తడిపిన తెల్లపట్టీ మీద మూడు చోట్ల అద్దాను,
చీమకైనా చాలనంత నెత్తురు.
ఎడమ ఓజావిజే. కుడి అచీలే.
మధ్య వరస నాది.

జవాబు ముందే తెలిసిన నెత్తురు పక్కన లేకపోతే
తెలియని నెత్తురు నోరు విప్పదు.
పదకొండేళ్ళుగా
వచ్చిన ప్రతి జంట మధ్యా నన్ను పెడుతున్నాను.

మీట వేశాను.
ఈ పెట్టెకి తెగ అక్కర్లేదు, భాష అక్కర్లేదు,
పెళ్ళికార్డులు అచ్చయ్యాయా, మేకను బేరమాడారా
అక్కర్లేదు.
ఒక్కటే అడుగుతుంది: నీ మీద ఋణమెంత?
ఋణమున్నది ధనం వైపు పరుగెత్తాలి,
అదే ఇక్కడి చట్టం.
బయట అప్పున్నవాడు వెనకబడతాడు.
లోపల, అప్పు కాస్త తగ్గినదే వెనకబడుతుంది.
కణాన్ని కొడవలిలా వంచే ఆ హిమోగ్లోబిన్
ఏ కాలంలోనో ఒక్క అక్షరం మార్చుకుని
చిటికెడు ఋణం వదిలించుకుంది.
ఆ చిటికెడే పట్టీ మీద గోరంత ఎడం.
ఆ గోరంతనే నేను కాగితం మీద రాసి
సంతకం పెట్టేది.

తొమ్మిదో నిమిషంలో కరెంటు పోయింది.
జనరేటరులో పెట్రోలు లేదు.
ఉమోరు డబ్బా పట్టుకుని వెళ్ళాడు.
గీతలు నడక మర్చిపోయాయి,
అంచులు చెమర్చి
ఒకదాని వైపు ఒకటి ఒరిగాయి.
కిటికీ అవతల బెంచీ మీద వాళ్ళిద్దరూ
ఉడికించిన వేరుశనగలు ఒలుస్తున్నారు,
పొట్టంతా ఒకే కాగితంలో.
ఈ ఊళ్ళోనే నైజరూ బెనువే కలుస్తాయి.
రెండు రంగుల నీళ్ళు కొంతదూరం పక్కపక్కనే పోయి
ఎవరూ వేలు పెట్టి చూపలేని చోట
ఒక్కటైపోతాయి.

నలభై నిమిషాలు
మా ముగ్గురి నెత్తురుకీ ఏ పేరూ లేదు.

కరెంటొచ్చింది. కొత్త పట్టీ. మళ్ళీ మూడు అద్దకాలు.
ఎర్రరంగులో ముంచి కడిగాను.
ఎడమన రెండు గీతలు. మధ్యన రెండు.
కుడిన రెండు.
మూడు నిచ్చెనలు, మెట్లు ఒకే ఎత్తున.
ఇంత శుభ్రమైన పట్టీ చూసి చాన్నాళ్ళయింది.

ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు, అని చెప్పాలి.
దానికో వాక్యముంది, శిక్షణలో నేర్పారు.
ఆ వాక్యం ఇంకెవరో మాకు చెప్పిన రోజు
ఎనెఓజో టోపీ బల్ల మీదే మర్చిపోయి వెళ్ళాడు.

తలుపు తీశాను.
ఓజావిజే లేచి, నా మొహం చూడకుండా,
మిగిలిన పలుకులు అరచేతిలో చాచింది.
తీసుకున్నాను.
ఉప్పు ఎక్కువైంది.